ఆరనివ్వండి

మా ఏరియాలో 'టచప్' అంటే ఒకటే అర్థం. షాట్‌కీ షాట్‌కీ మధ్య హీరోయిన్ గారు కుర్చీలో కూర్చుంటారు. అద్దం, పౌడర్ పఫ్, టిష్యూ పట్టుకుని ఒకాయన పరిగెత్తుకొస్తాడు. చెమట అద్ది, పౌడర్ కొట్టి, ఫ్రేమ్‌లోంచి తప్పుకుంటాడు. మొత్తం ఒక నిమిషం. ఫిల్మ్ నగర్‌లో పెరిగిన ఎవర్నడిగినా ఇదే చెప్తారు. నేనూ పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా టచప్ అంటే ఒక నిమిషం పని అనే అనుకున్నా.

ఎనామిల్ పెయింట్‌తో ఒక చిన్న కారు బొమ్మకి రంగు వేశాక తెలిసింది, ఆ మాటకి ఇంకో అర్థం ఉందని. ఆ అర్థంలో టచప్ ఒక నిమిషం పని కాదు. కొన్నిసార్లు మూడు రోజుల పని. అందులో బ్రష్ పట్టుకునేది పది నిమిషాలే. మిగతాదంతా చేతులు కట్టుకుని ఉండటమే. ఆ చేతులు కట్టుకుని ఉండటాన్ని కూడా పని కింద లెక్కపెట్టాలని ఈ వ్యాసంలో వాదించబోతున్నా. మన కాలేజీ ప్రాజెక్టుల్లోనూ, మా వీధిలో తయారయ్యే సినిమాల్లోనూ.

ముందే ఒక మాట. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. తెలుగు పేపర్ మార్కుల కోసం రాయడం తప్ప, ఇంత పొడుగు తెలుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే ఎడిటర్ గారు టచప్ చేస్తారని ఆశ.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, సెట్ పెయింటర్. మద్రాసులో మొదలుపెట్టి, ఇండస్ట్రీతో పాటు హైదరాబాద్ వచ్చేశారు. 1970లలో అన్నపూర్ణ స్టూడియోస్, 1989లో రామానాయుడు స్టూడియోస్ వచ్చాక ఇక్కడ పని పెరిగింది. ఒక్కో క్రాఫ్ట్ వాళ్ళు ఒక్కొక్కళ్ళుగా వచ్చి సర్దుకున్నారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నుంచి చూస్తే పైనంతా పెద్ద కాంపౌండ్ గోడలు, గేటు దగ్గర సెక్యూరిటీ. కాస్త దిగువకి వస్తే రెండు గదుల ఇళ్ళు, మేడ మీద ఆరేసిన బట్టలు, డాబా మీద నిచ్చెనలు. ఆ నిచ్చెనల ఇళ్ళలో ఒకటి మా తాతయ్యది. ప్లైవుడ్‌ని పాలరాయిలా, థర్మాకోల్‌ని గుడి స్తంభంలా, కొత్త గోడని వందేళ్ళ గోడలా చూపించడం ఆయన పని. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది కాబట్టి మానేశారు.

ఇక కారు సంగతి. పోయిన వర్షాకాలంలో మా ఫ్రెండ్స్ గ్యాంగ్ ఒక షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టాం. పాత ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక కుటుంబం కథ. వాకిట్లో నల్ల అంబాసిడర్ ఆగి ఉంటుంది, సామాన్లు ఎక్కిస్తారు, కారు వెళ్ళిపోతుంది, ఇల్లు మిగుల్తుంది. అంతే. కానీ పాత ఇల్లు అద్దెకి తీసుకునే డబ్బు లేదు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, నడిచే బండి దొరికినా రోజు అద్దె మా మొత్తం బడ్జెట్. అందుకని ఓపెనింగ్ షాట్, ఎండింగ్ షాట్ మినియేచర్‌లో తీద్దాం అన్నా. నోరు జారినందుకు ఆ డిపార్ట్‌మెంట్ నాకే వచ్చింది.

బజార్లో దొరికే ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మ కొన్నా. పొడవు 12 సెంటీమీటర్లు. అసలు కారు దాదాపు 4.3 మీటర్లు. భాగిస్తే స్కేల్ 1:36. అంటే ఆరడుగుల మనిషి మా లోకంలో రెండు అంగుళాలు, ఏడడుగుల తలుపు ఆరు సెంటీమీటర్లు. ఆ లెక్కన సన్‌బోర్డ్‌తో ఇంటి ముందుభాగం కట్టాను. ఐస్‌క్రీమ్ పుల్లలతో తలుపులు చేశాను. బొమ్మ కారుకున్న రంగు గీకేసి, ప్రైమర్ కొట్టి, గ్లాస్ బ్లాక్ ఎనామిల్ వేశాను. శుక్రవారం సాయంత్రం ఆరింటికి చివరి కోటు. ఆదివారం పొద్దున్న ఆరింటికి షూట్. ముప్పై ఆరు గంటలు. చాలా ఎక్కువ టైమ్ అనుకున్నా.

శనివారం రాత్రి పదకొండింటికి ఒకసారి చూద్దామని కారు చేతిలోకి తీసుకున్నా. అంటుకోలేదు. సంతోషించి లైటు కింద తిప్పి చూసి, కింద పెట్టాక కనిపించింది. బానెట్ మీద నా బొటనవేలి ముద్ర. గీతలతో సహా.

మీరైతే ఏం చేస్తారు? నేను అందరూ చేసేదే చేశా. బ్రష్ తీసి, డబ్బా తెరిచి, ముద్ర మీద కొంచెం రంగు పెట్టా. ఒక్క నిమిషం బాగానే ఉంది. తర్వాత కింది పొర మెత్తబడి బ్రష్‌తో పాటు లేచింది. సర్దుదామని ఇంకో గీత లాగితే బానెట్ మీద ముడతలు పడ్డాయి. పాల మీద మీగడని వేలితో నెడితే ఎలా ముడుచుకుంటుందో అచ్చం అలా. భయమేసి హెయిర్ డ్రయర్ పెట్టా. పైపొర గట్టిపడింది, ముడతలు అలాగే ఉండిపోయాయి. రాత్రి రెండింటికి నా దగ్గర ప్రమాదం జరిగిన అంబాసిడర్ ఉంది. కథలో ప్రమాదం లేదు.

పొద్దున్న మా డైరెక్టర్, అంటే నా క్లాస్‌మేట్, ఏమీ అనలేదు. కారుని వెనక్కి తిప్పి పెట్టి షాట్ తీశాడు. ఓపెనింగ్ షాట్‌లోనే కారు వెళ్ళిపోతున్నట్టు ఉంది, అంటే వచ్చినట్టే లేదు. జ్యూరీలో ఒకరు ఇది చాలా డీప్ ఐడియా అని మెచ్చుకున్నారు కూడా. మా ఇద్దరికీ మాత్రం నిజం తెలుసు. ఆ తర్వాత రెండు వారాలు మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. అతను వారం రోజులు రాత్రుళ్ళు కూర్చుని గీసుకున్న షాట్ అది. నా పది నిమిషాల తొందరకి పోయింది.

అసలు బాధ ఇంకోటి ఉంది. తర్వాత ఖాళీగా ఉన్నప్పుడు అదే కెమెరా పెట్టి, అదే దూరం నుంచి, బొటనవేలి ముద్ర ఉన్న ఇంకో బొమ్మని చూశా. ముద్ర కనపడనే లేదు. లేని సమస్యని సరిచేయబోయి ఉన్న షాట్ పోగొట్టా.

కారు పట్టుకెళ్ళి తాతయ్యకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని, బానెట్ మీద వేలు కూడా పెట్టకుండా, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఆరబెట్టావా అమ్మలూ, ఆరనిచ్చావా?"

నాకు అర్థం కాలేదు. "రెండూ ఒకటే కదా తాతయ్యా?"

"బట్టలకి ఒకటే. రంగుకి కాదు."

ఇంటికొచ్చి ఫస్టియర్ ఇంజినీరింగ్ కెమిస్ట్రీ పుస్తకం తీశా. పరీక్ష అయ్యాక ఆ పుస్తకం మళ్ళీ తెరిచిన మొదటి మనిషిని నేనేనేమో. ఎనామిల్ ఆరడం అంటే మనం అనుకునే ఒక పని కాదు, రెండు పనులు. మొదటిది, రంగులో కలిపిన ద్రావకం గాలిలోకి ఆవిరైపోవడం. దీనికి గంటలు పడుతుంది. ఇది అయ్యాక వేలు పెడితే అంటుకోదు. మనం 'ఆరిపోయింది' అనేది ఇక్కడే. కానీ అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఎనామిల్‌లో ఉండే ఆల్కిడ్ రెజిన్, నూనెతో కలిసి తయారైన పదార్థం. అది గాలిలోని ఆక్సిజన్‌ని మెల్లగా పీల్చుకుంటుంది. విడివిడిగా ఉన్న అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. క్రాస్ లింకింగ్ అని మూడు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టామే, అదే. దీనికి రోజులు పడుతుంది.

ఆ వల సగం అల్లినప్పుడు పైనుంచి కొత్త రంగు వేస్తే ఏమవుతుంది? కొత్త రంగులోని ద్రావకం సగం అల్లిన పొరలోకి దూరి దాన్ని ఉబ్బిస్తుంది. కింద చోటు లేక పొర ముడుచుకుంటుంది. పూర్తిగా అల్లుకున్నాక అదే ద్రావకం దాన్ని అంతగా ఏమీ చేయలేదు. హెయిర్ డ్రయర్ పెడితే పైపొర ముందే బిగుస్తుంది, లోపలి తడి బయటికి రాలేక ఉండిపోతుంది. నేను చేసిన రెండు తప్పులూ ఒక్క పేరాలో దొరికాయి. ఈ పేరాకి సెమిస్టర్‌లో నాకు ఫుల్ మార్కులు వచ్చాయి కూడా.

తాతయ్య ఏ పుస్తకమూ చదవలేదు. ఆయన దగ్గర ఉన్న సూత్రం చిన్నది. రంగుకి మూడు దశలు: పచ్చి, జిగట, గట్టి. పచ్చిగా ఉన్నప్పుడు తప్పు చేస్తే టర్పెంట్ ముంచిన గుడ్డతో వెంటనే తుడిచేయొచ్చు, ఏమీ జరగనట్టే ఉంటుంది. గట్టిపడ్డాక తప్పు కనిపిస్తే రుద్ది మళ్ళీ వేయొచ్చు. మధ్యలో జిగటగా ఉన్నప్పుడు మాత్రం చూసినా చూడనట్టే ఉండాలి. కష్టం ఏంటంటే, తప్పులు మన కంటికి బాగా కనిపించేది ఆ మధ్య దశలోనే. చేతులు దురద పెట్టేదీ అప్పుడే.

ఆ రోజు నుంచి నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. అందులోంచి పనికొచ్చేవి కొన్ని చెప్తా. ఇవి మా ఇంటి బాల్కనీ లెక్కలు, మీ హాస్టల్ గదికి మారొచ్చు.

మే నెల ఎండల్లో, పల్చటి మ్యాట్ కోటు మూడు గంటల్లో అంటుకోకుండా అయింది. జులైలో ముసురు పట్టినప్పుడు అదే రంగు, అదే మందం, రాత్రంతా పట్టింది. గ్లాస్ రంగులు మ్యాట్ కంటే ఎప్పుడూ ఆలస్యమే. గ్లాస్ బ్లాక్‌కి నేనిప్పుడు మూడు రోజులు ఇస్తున్నా. మందంగా వేసిన ఒక కోటు కంటే పల్చగా వేసిన రెండు కోట్లు ముందే అయిపోతాయి. నమ్మబుద్ధి కాదు కానీ నిజం. మందంగా వేస్తే పైన పొర కట్టి కింద పచ్చిగా ఉండిపోతుంది మరి.

ఆరిందో లేదో తెలుసుకోవాలంటే బొమ్మని ముట్టుకోకూడదు. రంగు వేసేటప్పుడే పక్కన ఒక ప్లాస్టిక్ స్పూన్‌కి కూడా అదే కోటు వేయాలి. వేళ్ళన్నీ ఆ స్పూన్ మీదే. దానికంటే మంచి పరీక్ష తాతయ్య చేసిందే, వాసన. ముక్కు దగ్గర పెడితే ఇంకా పెయింట్ వాసన వస్తోందంటే లోపల పని నడుస్తోందని అర్థం. ధూళి పడకుండా టిఫిన్ డబ్బా బోర్లించొచ్చు, కానీ ఒక పక్క పెన్సిల్ పెట్టి ఎత్తి ఉంచాలి. గాలి ఆడకపోతే ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం పెట్టొద్దు. ఫ్యాన్ రెక్కల మీద ఉన్న దుమ్మంతా మీ కారుకి చేరుతుంది.

ఇక టచప్. గట్టిపడ్డాక, మచ్చ ఉన్నచోట సన్నటి సాండ్ పేపర్‌ని నీళ్ళలో తడిపి మెల్లగా రుద్దాలి. తుడిచి ఆరనివ్వాలి. అదే డబ్బాలో రంగుని అడుగు దాకా కలిపి, కొంచెం పల్చన చేసి వేయాలి. అడుగు దాకా ఎందుకంటే మ్యాట్ రంగుల్లో మెరుపు తగ్గించే పొడి అడుక్కి దిగిపోతుంది. కలపకపోతే టచప్ చేసినచోట మాత్రం నిగనిగలాడుతుంది. ఇంకో సంగతి: మచ్చ ఎంతుందో అంతే వేస్తే లైటు పెట్టగానే ఆ అతుకు కనిపిస్తుంది. "మచ్చ మీద మచ్చ పెట్టకు. గీత దాకా వెయ్యి" అంటారు తాతయ్య. అంటే బానెట్ మీద చుక్క తప్పుంటే బానెట్ మొత్తం, దాని అంచు గీత దాకా వేయాలి. అతుకు ఆ గీతలో కలిసిపోతుంది.

హార్డ్‌వేర్ షాపులో ఊరికే 'థిన్నర్' అని అడగకండి. ఎన్‌సీ థిన్నర్ చేతిలో పెడతారు. అది ఎనామిల్‌ని లేపేస్తుంది, ప్లాస్టిక్‌ని కూడా తినేస్తుంది. టర్పెంటైన్ అని అడగండి. థర్మాకోల్ మీద నేరుగా ఎనామిల్ వేయకండి, కరిగిపోతుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు.

ఇప్పుడు నా వాదనకి వస్తా. నేను ఇదంతా చెప్పగానే మావాళ్ళు మూడు ప్రశ్నలు వేశారు.

మొదటిది: "ఇంత గొడవెందుకు, యాక్రిలిక్ వాడొచ్చుగా? అరగంటలో ఆరిపోతుంది, నీళ్ళతో కడిగితే పోతుంది." నిజమే. హాస్టల్ గదిలో అయితే నేనూ అదే వాడమంటా, వాసన ఉండదు. కానీ ఎనామిల్ ఆలస్యంగా ఆరడమే దాని గుణం. ఆరేలోపు రంగు తనంతట తను పారి సర్దుకుంటుంది, బ్రష్ గీతలు కలిసిపోతాయి. కార్ల మీద మనకి కావాల్సిన ఆ అద్దం లాంటి నునుపు బ్రష్‌తో తేలిగ్గా వచ్చేది అందుకే. నెమ్మదిని తీసేస్తే ఆ నునుపు కూడా పోతుంది. ఏది కావాలో ఎంచుకోవడం మన ఇష్టం. ఎనామిల్ ఎంచుకుని యాక్రిలిక్ టైమ్ ఇవ్వడం మాత్రం కుదరదు. నేను చేసింది అదే.

రెండోది: "ఇప్పుడు మినియేచర్లు ఎవరు చేస్తున్నారు? అంతా సీజీయే." దీనికి సమాధానం మాయాబజార్ నుంచి మొదలుపెట్టాలి. 1957లో వచ్చిన ఆ సినిమాలో ద్వారక నగరం మినియేచర్. 50 అడుగులకి 60 అడుగుల స్థలంలో దాదాపు 300 చిన్న ఇళ్ళు పెట్టి చేశారు. గోఖలే, కళాధర్ కళాదర్శకులు, మార్కస్ బార్‌ట్లీ కెమెరా. ఒక్క కారుతో నేను పడ్డ పాట్లు గుర్తొచ్చి ఆ అంకె చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇంటికి రెండు కోట్లు అనుకుంటే 600 సార్లు రంగు వేయాలి, 600 సార్లు ఆరాలి. ఏ రంగు వేసినా ఆరాల్సిందే కదా. ఆ సినిమాని 2010లో రంగుల్లోకి మార్చి మళ్ళీ విడుదల చేశారు. యాభై ఏళ్ళు దాటాక, కంప్యూటర్ పెట్టి ఒక్కో ఫ్రేమూ పెద్దది చేసి చూసే పని. అప్పటికీ ద్వారక ద్వారకలాగే ఉంది.

సీజీ మొదలయ్యాక కూడా మినియేచర్లు పోలేదు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో మినాస్ తిరిత్ నగరాన్ని 1:72 స్కేల్‌లో కట్టారు. మనం కొనుక్కునే చిన్న విమానాల కిట్‌ల స్కేల్ అదే. కానీ నా పాయింట్ మినియేచర్ గొప్పదా, సీజీ గొప్పదా అని కాదు. నాకు సీఎస్ అయ్యాక వీఎఫ్ఎక్స్‌లో పనిచేయాలని ఉంది, సీజీని తిట్టే ఉద్దేశం లేదు.

నా పాయింట్ రెండర్ టైమ్. సీజీలో ఒక షాట్ తయారయ్యాక కంప్యూటర్ దాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా రెండర్ చేయాలి. గంటలు, రాత్రులు పడుతుంది. షెడ్యూల్‌లో 'రెండర్' అని ఒక లైను ఉంటుంది. ఎవరూ దాన్ని తప్పుపట్టరు. "రెండర్ అవుతోంది సార్" అంటే ప్రొడ్యూసర్ కూడా తలూపి వెళ్ళిపోతాడు. రెండర్ సగంలో ఉండగా ఫైల్ తెరిచి సర్దమని ఎవరూ అడగరు. అదే "రంగు ఆరుతోంది సార్" అనండి. "అయితే ఖాళీగా ఉన్నారన్నమాట" అంటారు. యంత్రం ఆగితే దాన్ని ప్రాసెస్ అంటాం, మనిషి ఆగితే సోమరితనం అంటాం. రెండు చోట్లా జరిగేది ఒకటే, పని తనంతట తను పూర్తవుతోంది.

మూడో ప్రశ్న: "డెడ్‌లైన్ ఉన్నప్పుడు ఏం చేస్తాం?" దీనికి తాతయ్య కథే సమాధానం.

ఒక సినిమాకి దర్బారు తలుపులు. పేర్లు వద్దు. సాయంత్రానికి తలుపులు వచ్చాయి, పొద్దున్నే షూట్. తాతయ్య రెండు రోజులు అడిగారు. మేనేజర్ అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు: "రంగు ఆరడానికి కూడా కూలీ ఇవ్వాలా?" రాత్రంతా హాలోజెన్ లైట్లు పెట్టి ఆరబెట్టారు. పొద్దున్న తలుపు తోయగానే హీరో గారి పట్టుపంచెకి బంగారు రంగు అంటుకుంది. ఆ పూట షూటింగ్ ఆగింది. పంచె ఖరీదు, ఆగిన పూట ఖర్చు కలిపితే రెండు రోజుల కూలీ కంటే ఎన్ని రెట్లో మీరే ఊహించుకోండి. కోత మాత్రం పెయింటర్ల డబ్బుల్లోనే పడింది. తాతయ్యకి కోపం వచ్చింది డబ్బు పోయినందుకు కాదు. "పని రాదు వీళ్ళకి" అన్నారట. నలభై ఏళ్ళు పని చేసిన మనిషిని.

2025 ఆగస్టులో 30 శాతం వేతనాలు పెంచాలని సినీ కార్మికులు సమ్మె చేసి షూటింగులు ఆపారు. అప్పుడు మా వీధిలో ఏ మెట్టు మీద చూసినా అదే చర్చ. రోజుకి ఎంత అన్నదే అందరి ప్రశ్న, అది న్యాయమే. నాకు మాత్రం తాతయ్య మాటల్లోంచి ఇంకో ప్రశ్న కనిపించింది. రోజుకి ఎంత అన్నది ఒకటి, ఏ పనికి ఎన్ని రోజులు అన్నది ఇంకోటి. రెండోది తేల్చకపోతే, మొదటిది పెరిగినా, రెండు రోజుల పని ఒక రాత్రిలోకి కుక్కుతూనే ఉంటారు. పాడైతే తప్పు బ్రష్ పట్టుకున్నవాడిదే అవుతుంది.

మన కాలేజీలో మనం చేసేది మాత్రం వేరా? ఫెస్ట్‌కి ముందు రాత్రి స్టేజ్ ప్రాప్స్‌కి రంగు. పొద్దున్న ఎవరో ఒకరి కుర్తాకి అంటుకుంటుంది, ప్రతి సంవత్సరం ఫొటోల్లో చూస్తాం, నవ్వుకుంటాం. రంగు వేసిన జూనియర్‌ని తిడతాం. డబ్బా కొనడానికి బడ్జెట్ రెండు రోజుల ముందు ఇచ్చింది మనమే అని ఎవరికీ గుర్తుండదు. షార్ట్ ఫిల్మ్ విషయంలో నేను మా డైరెక్టర్‌కి చివరికి చెప్పిన సారీ కూడా ఇదే. "ముద్ర పడింది నా వల్ల, ముడతలు పడ్డాయి నా వల్ల. కానీ మన షెడ్యూల్ షీట్‌లో 'పెయింట్' అని ఉంది, 'ఆరడం' అని లేదు. ఆ షీట్ ఇద్దరం కలిసి రాశాం." అతను కాసేపు ఆలోచించి, "నెక్స్ట్ షీట్ నువ్వే రాయి" అన్నాడు. మాటలు మళ్ళీ కలిశాయి.

ఆ మాట సారీ కోసం చెప్పినా, దాన్ని ఇప్పుడు అందర్నీ అడుగుతున్నా. లిటరరీ క్లబ్, డ్రామా క్లబ్, ఫిల్మ్ క్లబ్, ఎవరైనా సరే, ప్లాన్ రాసేటప్పుడు రంగు వేసే రోజు పక్కన ఆరే రోజులు కూడా రాయండి. బడ్జెట్ ఆ రోజుల్ని లెక్కపెట్టి ఇవ్వండి. ఆ రోజుల్లో పెయింట్ చేసినవాళ్ళకి "ఖాళీగా ఉన్నావుగా, ఇది చెయ్యి" అని పోస్టర్ పని అప్పగించకండి, వాళ్ళు స్పూన్ వాసన చూడాలి. అంత టైమ్ లేదంటే ముందే యాక్రిలిక్ వాడండి, లేదా ఆ ప్రాప్ మానేయండి. చివరి రాత్రి ఏదైనా తప్పు కనిపిస్తే, బ్రష్ తీసే ముందు కెమెరాలోంచో, ప్రేక్షకులు కూర్చునే చోటు నుంచో ఒకసారి చూడండి. అక్కడి నుంచి కనపడకపోతే, లైటు ఆర్పేసి పడుకోండి.

అంబాసిడర్‌కి రంగు మొత్తం తీసేసి మళ్ళీ మొదట్నుంచి వేశాను. ఈసారి తాతయ్య పక్కన కూర్చున్నారు, బ్రష్ ముట్టుకోలేదు. పల్చగా మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య మూడు రోజులు. రెండో కోటు అయ్యాక డోర్ దగ్గర ఒక వెంట్రుక అంటుకుని కనిపించింది. నా చెయ్యి వెళ్ళింది. ఆయన దగ్గారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నా. మూడు రోజుల తర్వాత ఒక్కసారి సాండ్ పేపర్‌తో తడిపి రుద్దితే పోయింది.

ఇప్పుడు ఆ కారు తాతయ్య టీవీ పక్కన ఉంది. ఇంటికొచ్చిన పాత స్నేహితులకి చూపిస్తుంటారు. మొన్న ఒకాయన చేతిలోకి తీసుకోబోతే, తాతయ్య వెంటనే డ్రాయర్‌లోంచి నల్ల స్పూన్ తీసి ఇచ్చారు.

"ముందు ఇది పట్టుకుని చూడవోయ్" అని.